సముద్రపు పచ్చదనాన్ని రంగుతోనే లెక్కకట్టలేం

సంపాదకులకు,

అయ్యా,

బంగాళాఖాతంలో పత్రహరితం తగ్గిందనో పెరిగిందనో ఉపగ్రహ చిత్రాలతో వార్త వచ్చినప్పుడల్లా, వృక్ష ప్లవకాలే (నీటిలో తేలియాడే, మొక్కల్లా ఎండతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులే) ఆ మేరకు తగ్గాయని, పెరిగాయని అర్థం చేసుకుంటున్నాం. ఈ అన్వయం చాలా సందర్భాల్లో పొరపాటు.

ఈ ఏకకణ జీవులు వెలుతురు తగ్గితే కొద్ది రోజుల్లోనే తమలో పత్రహరితాన్ని పెంచుకుంటాయి. ఎండ తీవ్రమైతే దాన్ని తగ్గించుకొని, మిగులు కాంతిని వేడిగా వదిలేసే వర్ణకాలను సిద్ధం చేసుకుంటాయి. పత్రహరితం తయారీకి నత్రజని కావాలి కనుక దాన్ని అందించే నైట్రేట్ కరవైనప్పుడూ పాలిపోతాయి. అంటే, ప్లవకాల మొత్తం అంతే ఉన్నా సముద్రం రంగు మారగలదు. 1988లో వెలుగుచూసిన ప్రోక్లోరోకాకస్ అనే అతిసూక్ష్మ జీవిలోనైతే పైనీటి వెలుగుకు కొన్ని రకాలు, లోతుల్లోని మసక వెలుతురుకు మరికొన్ని పరిణమించాయి.

మన సముద్రంలో ఈ విషయం మరింత ముఖ్యం. గోదావరి, కృష్ణ, మహానది, గంగా-బ్రహ్మపుత్రలు తెచ్చే మంచినీరు ఉప్పునీటిపై తేలికైన పొరగా పరచుకొని, అడుగునున్న పోషకాలను సులభంగా పైకి రానివ్వదు. అందువల్ల తీరానికి దూరంగా పత్రహరితం దట్టంగా ఉండే పొర తరచుగా పదుల మీటర్ల లోతున ఉంటుంది, ఉపగ్రహానికి అది అందదు. వానాకాలంలో మబ్బుల వల్ల పైనీరు కూడా సరిగా కనిపించదు. తుపాను వెళ్లాక కనిపించే పచ్చదనంలో కొత్తగా పెరిగినదెంతో, గాలి కలియబెట్టడంతో లోతు నుంచి పైకి వచ్చినదెంతో రంగును బట్టి చెప్పలేం.

2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన, సముద్రపు రంగును గమనించే ఓషన్‌శాట్-3 ఉపగ్రహ సేవలను నేను తక్కువ చేయడం లేదు. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) మత్స్యకారులకు ఇచ్చే చేపల జాడ సూచనలకు పత్రహరితం, ఉపరితల ఉష్ణోగ్రతలే ఆధారం. ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే డీజిల్ కలిసివస్తుంది. అయితే నేటి వేటకు దారి చూపే సమాచారం వేరు, సముద్రం దీర్ఘకాలంలో ఎటు మారుతోందో తేల్చే సమాచారం వేరు. రెండో దానికి నీటినే తోడి పరీక్షించాలి. 1950వ దశకంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు విశాఖ తీరంలో అడుగునీరు పైకి ఉబికే తీరును అధ్యయనం చేశారు కనుక ఇది మనకు కొత్త విద్యేమీ కాదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఎదుట నిర్ణీత స్థానాల్లో, వేర్వేరు లోతుల్లో, నెలకొకసారైనా కాంతిని, నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ అనే పోషకాలను కొలిచి, సూక్ష్మదర్శినితో ప్లవకాలను లెక్కించి, ఫలితాలను తెలుగులో కూడా అందరికీ అందుబాటులో ఉంచాలని రాష్ట్ర మత్స్యశాఖను కోరుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంతో ఖాళీగా ఉండే మరపడవలను ఈ పనికి అద్దెకు తీసుకుంటే, ఆ రెండు నెలలూ కొందరు మత్స్యకారులకు కూలి కూడా దొరుకుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ