బ్రౌన్ పర్సు కిట్ కొన్నవాళ్లకు: లేచిపోతున్న అక్షరాల సంగతి

జూన్ రెండో వారం తర్వాత మా దగ్గర బ్రౌన్ పర్సు కిట్ (పేరు అతికించి మీరే కుట్టుకునే తోలు పర్సు) తీసుకుని, ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో పేరు అతికించుకున్న చాలామందికి ఆ పేరు అంచుల్లో లేస్తోంది. కొందరికి వారానికే, కొందరికి ఇరవై రోజులకు. తప్పు మీ ఇస్త్రీ పెట్టెది కాదు, మీ చేతిది అంతకంటే కాదు. మేం పంపిన తోలుది. మొదట్లో ఫోటోలు పంపినవాళ్లకు "బటర్ పేపర్ వేసి ఇంకో పది సెకన్లు వేడి పెట్టండి" అని చెప్పాం. అదీ తప్పు సలహానే. ఇంకా ఎవరైనా ఆ పని చేయబోతుంటే ఆగండి.

మీ పర్సు ఆ చెడ్డ లాటుదో (ఒకేసారి వచ్చిన సరుకుదో) కాదో తేల్చుకోవడానికి ఒక నీటి చుక్క చాలు. నున్నటి వైపు, కనిపించని మూల చూసి చుక్క వేయండి. నిమిషంలోపు ఇంకి ఆ చోటు నల్లబడితే పాత సరుకు, దిగులు లేదు, ఆరాక మచ్చ తగ్గిపోతుంది. చుక్క పూసలా నిలబడి, ముక్కను వంచగానే జారిపోతే అది చెడ్డ లాటు. నల్ల పర్సులు, కీచైన్ ముక్కలు వేరే చోటి నుంచి వస్తాయి, వాటికి ఈ బెడద లేదు.

జరిగింది ఇది. మొదటి నుంచీ మేం వాడేది చెన్నై వైపు నుంచి వచ్చే గేదె తోలు, 1.2 మి.మీ. మందం, పైన చాలా పలచటి ఫినిష్, అంటే పూత. దానికి సన్నటి రంధ్రాలు తెరిచే ఉంటాయి. మీ పేరు కట్ చేసేది హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్‌తో, అంటే వేడికి అంటుకునే పలచటి ప్లాస్టిక్‌తో. దాని అడుగున ఉండే గమ్ మామూలప్పుడు గట్టిగా, పొడిగా ఉంటుంది. వేడి తగిలినప్పుడు కరిగి ఆ రంధ్రాల్లోకి దిగుతుంది, చల్లారాక అక్కడే బిగుసుకుంటుంది. పట్టు అంతా ఆ దిగడంలోనే ఉంది. ఈసారి వచ్చిన తోలుకు రంగు అదే, మందం అదే, పేరు అదే, ధర కూడా అదే. కానీ చేతికి కాస్త జారుడుగా, మెత్తగా తగిలింది. బాగుందనే అనుకున్నాం కూడా. ఆ మెత్తదనం చివరి కోటింగ్‌లో కలిపిన సిలికాన్, మైనం వల్ల వచ్చేది. బ్యాగులు కుట్టేవాళ్లకు అది వరం, ముట్టుకోగానే కొనబుద్ధవుతుంది. మనకు మాత్రం గమ్‌కీ తోలుకీ మధ్య జారుడు పొర. వేడి పెట్టినకొద్దీ మైనం కరిగి ఇంకా పైకి వస్తుంది. మళ్లీ వేడి పెట్టమన్న మా సలహా అందుకే పనికిరానిది.

సరుకు ఇచ్చిన సేటుకు ఫోన్ చేస్తే మొదటి జవాబు "అదే మాల్ అన్నా, ఏం ఫరక్ లేదు." పాత ముక్క, కొత్త ముక్క పక్కపక్కన పెట్టి రెండింటి మీదా నీటి చుక్కలు వేసి వీడియో పంపాం. "వానాకాలం కదా, తోలు తేమ పట్టుంటది." తేమ పట్టిన తోలు నీళ్లు ఇంకా త్వరగా తాగాలి గానీ పూస కట్టదు. ఆ మాటే అంటే రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత నాలుగో ఫోన్‌కి అసలు సంగతి బయటికొచ్చింది: ఫినిషింగ్ చేసే చోటు మారింది, వాళ్లు తమ అలవాటు కొద్దీ పైన ఏదో కొట్టారు, అది "ఫ్రీగా చేసిన మంచి పని". చివర్లో ఒక మాట విసిరాడు. "లెదర్ మీద స్టిక్కర్ ఎవడేస్తడన్నా? ఎంబాసింగ్ చేసుకోండి." ఎంబాసింగ్ అంటే తోలు మీదే అక్షరాలు ఒత్తడం. స్టిక్కర్ ఎవరేస్తారో ఆయనకు మా ఆర్డర్ల పుస్తకం చూపిస్తే సరిపోయేది. ఆ సేటు దగ్గర ఇక కొనం. తోలు అడుగుల లెక్కన కొంటాం, డబ్బు ముందే కట్టేశాం, అది తిరిగి రాదు. ఆ నష్టం మాది, మీ మీద వేయం.

సేటును అన్నంత మాత్రాన మా తప్పు పోదు. సరుకు రాగానే రంగు చూశాం, మందం కొలిచాం, ఒక పేరు అతికించి సెల్లోటేపు వేసి లాగాం. అక్షరం కదల్లేదు, పాస్ అనుకున్నాం. గంట కూడా గడవని అతుకు మీద టేపు పరీక్ష ఏమీ చెప్పదు, పైపైన అంటుకున్న గమ్ కూడా టేపుకు నిలబడుతుంది. లేచేది జేబులో పదేపదే వంగినప్పుడు. ఇప్పుడు ప్రతి తోలు నుంచీ, మెడ వైపు ఒకటి, పొట్ట వైపు ఒకటి, రెండు ముక్కలు తీసి నీటి చుక్క వేస్తున్నాం, పేరు అతికించి 24 గంటలు వదిలి, అక్షరాల మీదుగా వందసార్లు మడిచి అప్పుడు టేపు వేస్తున్నాం. మీ ఆర్డర్‌కు రెండు రోజులు ఎక్కువ పడుతోంది ఇందుకే. తొందరపెట్టకండి.

ఇక మిగిలిన తోలును ఏం చేయాలన్నదే మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌తో పై కోటింగ్ తుడిచేస్తే అక్షరాలు పట్టుకుంటాయి. చేసి చూశాం. తెల్ల గుడ్డ మొత్తం బ్రౌన్ రంగయింది, తుడిచిన చోట మెరుపు పోయి వెలిసిన గోడలా తేలింది. పేరు పట్టేంత మేరకే తుడుద్దామని చుట్టూ టేపు అంటించాం, అసిటోన్ టేపు కిందికి పాకి అంచు గీతలు గీతలుగా వచ్చింది. 600 నంబరు గరుకు కాగితంతో రుద్దితే అక్షరం ఇంకా గట్టిగా కూర్చుంది, కానీ అక్షరాల మధ్య సందుల్లో గరుకు మచ్చలు కనిపిస్తున్నాయి. ఫోటోలో తెలియదు, చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. అలాగే అమ్మేద్దామా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. వద్దనుకున్నాం. ఆ తోలంతా పేరు లేని సాదా పర్సులుగా తక్కువ ధరకు కౌంటర్లో పెడుతున్నాం, దాని మీద ఏదీ అతికించొద్దని చీటీ రాసి మరీ.

రెక్సిన్‌కు మారిపొమ్మని చెప్పినవాళ్లూ ఉన్నారు. చవక, ఒక్కో రోల్ ఒకేలా ఉంటుంది, నిజమే. అది ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డ, ఇస్త్రీ పెట్టె కాస్త ఎక్కువ వేడెక్కితే మెత్తబడి బటర్ పేపర్‌కే అతుక్కుంటుంది. దాన్ని లెదర్ కిట్ అని అమ్మడం మా వల్ల కాదు.

మార్పిడి చాలా తేలిక. నీటి చుక్క ఫోటో వాట్సాప్‌లో పంపండి, బిల్లు అక్కర్లేదు. కుట్టనివాళ్లకు కొత్త తోలు ముక్క, కొత్త పేరు. కుట్టేసినవాళ్లకు దారం, సూదులతో సహా కొత్త కిట్. పాతది మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బు కావాలంటే డబ్బే ఇస్తాం.

కొత్త ముక్క అందాక చేసే పద్ధతి ఈసారి వివరంగా రాస్తున్నాం, కిట్‌తో ఇచ్చిన పాత కార్డు మీద కొన్ని విషయాలు సరిగా లేవు.

పర్సు కుట్టకముందే పేరు అతికించాలి. కుట్టాక అతికిస్తే కుట్టు గట్టు మీద పెట్టె ఎత్తుగా నిలబడి మధ్యలో ఒత్తిడి అందదు. కిట్‌లో ఉన్న స్వాబ్‌తో, అంటే ఇంజెక్షన్ ముందు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్‌తో, పేరు వచ్చే చోట ఒక్కసారి తుడిచి పావుగంట ఆరనివ్వండి. దాని బదులు శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. కొబ్బరినూనె, షూ పాలిష్, లెదర్ క్రీమ్ ముందు అసలే రాయకూడదు. తడిగుడ్డ కూడా వద్దు. పొడి తోలు ఓర్చుకునే వేడిని తడి తోలు ఓర్చుకోలేదు. క్రోమ్ రసాయనంతో పదును చేసిన (పచ్చి చర్మాన్ని తోలుగా మార్చిన) తోలు తడిగా ఉంటే సుమారు 100 డిగ్రీల దగ్గర, చెట్టు బెరడుతో పదును చేసినదైతే 70, 80 డిగ్రీలకే ముడుచుకుపోతుంది, ఇక సాగదు. ఆషాఢం ముసురులో అయితే ముందుగా వట్టి తోలు మీద బటర్ పేపర్ వేసి మూడు సెకన్లు పెట్టె ఆనించండి, పట్టిన తేమ పోతుంది.

ఇస్త్రీ పెట్టెలో నీళ్లు పారబోసి ఆవిరి బటన్ ఆపండి. మేం ఇచ్చేది తక్కువ వేడికి పట్టే వినైల్, 130 డిగ్రీలు చాలు. డయల్ మీద చుక్కలుంటే ఒక చుక్కకీ రెండు చుక్కలకీ మధ్య. కాటన్ మీద పెడితే 200 దగ్గరికి పోతుంది, తోలు అంచులు పైకి లేస్తాయి, పెట్టె ఆకారం నల్లటి మచ్చగా పడుతుంది. లైటు ఆరిన క్షణంలో పెట్టె అనుకున్నదానికంటే వేడిగా ఉంటుంది. పాత గుడ్డ మీద ఒకటి రెండుసార్లు రుద్ది, అప్పుడు మొదలుపెట్టండి. కింద గ్రానైట్ గట్టు వద్దు, వేడి లాగేస్తుంది. ఇస్త్రీ బల్ల దూది కూడా వద్దు, ఒత్తిడి మింగేస్తుంది. చెక్క పీట మీద ఒక పొర కాటన్ గుడ్డ సరిపోతుంది.

పేరును మెరిసే ప్లాస్టిక్ షీటు పైకి ఉండేలా పెట్టండి, అక్షరాలు సరిగ్గా చదవగలగాలి. పైన బటర్ పేపర్. పెట్టెలో ఆవిరి కన్నాలు లేని భాగాన్ని ఆనించి, లేచి నిలబడి ఒంటి బరువు వేసి ఎనిమిది నుంచి పది సెకన్లు అదమండి. బట్టల మీద రుద్దినట్టు రుద్దితే అక్షరం జరుగుతుంది. వెనక వైపు నుంచి వేడి పెట్టడం దండగ, ఆ మందం దాటి వేడి గమ్‌ను చేరదు. పూర్తిగా చల్లారాక షీటును నిట్టనిలువుగా కాకుండా, తనమీదకే మడిచినట్టు పడుకోబెట్టి లాగండి. అక్షరం షీటుతో పాటు వస్తుంటే వేడి తక్కువైనట్టు, మళ్లీ వేసి ఐదు సెకన్లు పెట్టండి. అక్షరం చుట్టూ గమ్ పొంగి సన్నటి అంచు కనిపిస్తే ఎక్కువైనట్టు, దానికి మందు లేదు. షీటు తీశాక బటర్ పేపర్ వేసి ఇంకో నాలుగు సెకన్లు. 24 గంటల దాకా మడవొద్దు. మడత గీతకు కనీసం 8 మి.మీ. దూరంలో పేరు ఉండాలి, మడత మీద పడిన వినైల్ ఎంత మంచి తోలు మీదైనా నిలవదు.

లేచిన అక్షరం కింద క్విక్ గమ్ వేసినవాళ్లు ముగ్గురున్నారు. అది తోలులోకి ఇంకి అట్టలా గట్టిపడుతుంది, చుట్టూ తెల్లటి పొగలా మచ్చ వస్తుంది. దయచేసి వద్దు.

పేర్ల గురించి ఒక మాట. మేం పేరు కట్ చేసి, అక్షరాల చుట్టూ, మధ్యలో మిగిలిన అక్కర్లేని వినైల్ తీసి పంపేటప్పుడు ధ, భ, ఫ కింద ఉండే చిన్న పుల్ల 12 మి.మీ. కంటే చిన్న అక్షరాల్లో ఊడిపోతోంది. ఫణి పణి అవుతాడు, ధనం దనం అవుతుంది. రామభద్ర లాంటి లావు ఫాంట్‌లో ఆ పుల్ల మందంగా ఉండి నిలుస్తుంది, అందుకే సన్న ఫాంట్లు తీసేశాం, ఎవరెంత అడిగినా మళ్లీ పెట్టం. ఆ మూడు అక్షరాలున్న పేర్లకు ఈ మార్పిడి కిట్లలో రెండేసి కాపీలు పెడుతున్నాం. షీటు లాగేటప్పుడు పుల్ల ఉన్న వైపు నుంచి మొదలుపెట్టకండి.