పరీక్ష పెట్టకు తల్లీ, మొదటి అక్షరం అందించు

అమ్మలూ,

ఆదివారం ఫోన్‌లో నన్ను మూడు ప్రశ్నలడిగావు. ఇవాళ తారీఖెంత, పొద్దున ఇంటికి ఎవరొచ్చారు, బాబు పుట్టినరోజెప్పుడు అని. రెండింటికి తప్పు చెప్పాను. నువ్వేమీ అనలేదు గానీ నీ గొంతు మారిపోయింది. తర్వాత మీ అమ్మకు విడిగా ఫోన్ చేసి ఏడ్చావట. ఫోన్‌లో నాకు మాట వెంటనే దొరకదు. దొరికేలోపు నువ్వు ఇంకో సంగతికి వెళ్లిపోతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. 20 నిమిషాలు రాయడం, ఆపేసి పడుకోవడం. ఇలా ఇది నాలుగో రోజు.

స్ట్రోక్ వచ్చి ఎనిమిది నెలలైంది. చెయ్యి మళ్లీ ఆడుతోంది, నడక వచ్చింది, అంతా సర్దుకుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కానీ ఇద్దరు ఒకేసారి మాట్లాడితే నాకు ఎవరి మాటా అర్థం కాదు. పొయ్యి మీద పాలు పెట్టి, ఫోన్ మోగితే అటు వెళ్లి, పాల సంగతే మరిచిపోతాను. చదివిన పేరానే మళ్లీ చదువుతాను. మధ్యాహ్నానికి మెదడు అలిసిపోతుంది. ఒళ్లు అలిసినట్టు కాదు ఇది, దీపంలో నూనె అయిపోయినట్టు ఉంటుంది.

రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ నాకు ఒక పరీక్ష పెట్టింది. గడియారం బొమ్మ గీయమంది. ఐదు మాటలు చెప్పి, కొంచెంసేపు వేరే పనులు చేయించి, మళ్లీ అవే చెప్పమంది. రెండే గుర్తొచ్చాయి. అప్పుడామె "అందులో ఒకటి రంగు పేరు" అంది. వెంటనే ఆ మాట నోటికొచ్చేసింది. "చూశారా, అది పోలేదు, లోపలే ఉంది. వెతికి తీయడానికే మీకు టైం పడుతోంది" అంది. ఆ ఒక్క మాటతో నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. స్ట్రోక్ తర్వాత చాలామందిలో ముందు దెబ్బతినేది ఏకాగ్రత, ఆలోచనలోని వేగం, పనిని ఒక వరసలో పెట్టుకునే శక్తి. మనకది మతిమరుపులాగే కనిపిస్తుంది.

ఇది నా ఒక్కడి కథ కాదు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో 60 శాతం దాకా మొదటి ఏడాదిలో ఇలాంటి ఇబ్బంది ఏదో ఒకటి పడతారని డాక్టరుగారు చెప్పారు. కొందరికి తగ్గుతుంది, ఎక్కువ మెరుగు మొదటి ఆరు నెలల్లోనే కనిపిస్తుంది. కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర రెండో స్ట్రోక్ రాకుండా కాపాడతాయి, అవి ఒక్కరోజు కూడా మానను. కానీ జ్ఞాపకశక్తి కోసమే నమ్మకంగా ఇవ్వగల మాత్ర తన దగ్గర లేదని ఆయన నిజాయితీగా చెప్పారు. మిగిలిందంతా రోజూ మనం చేసేదే.

అందులో అన్నిటికన్నా నేను నమ్మేది వ్యాయామాన్ని. కాళ్లు కదిలిస్తే జ్ఞాపకం ఎలా బాగుపడుతుందని మొదట్లో నాకూ అనిపించింది. కెనడాలోని వాంకూవర్‌లో, స్ట్రోక్ వచ్చి కనీసం ఏడాది దాటిన 120 మందితో ఒక పరిశోధన చేశారు. కొందరితో వారానికి రెండుసార్లు, గంటసేపు చొప్పున, ఆరు నెలలు వ్యాయామం చేయించారు. కొందరికి మెదడుకు పని పెట్టే ఆటలు, నలుగురితో కలిసే కార్యక్రమాలు ఇచ్చారు. ఇంకొందరితో ఒళ్లు సాగదీసే తేలిక కసరత్తులు చేయించారు. ఆలోచనాశక్తి పరీక్షల్లో స్పష్టంగా మెరుగుపడింది వ్యాయామం చేసినవాళ్లే. ఏడాది దాటినవాళ్లకే ఫలితం ఉన్నప్పుడు, ఎనిమిది నెలలకే నాకు తలుపులు మూసుకుపోయాయని నువ్వెందుకు అనుకోవాలి? ఫిజియోథెరపిస్ట్ చెప్పిన లెక్క ప్రకారం నడుస్తున్నాను. మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి, అదీ ఆయన చెప్పిన కొలత.

ఇంకో మాట. ఆసుపత్రిలో మొదటి రోజే నన్ను లేపి బాగా నడిపించలేదని నీకింకా కోపం ఉంది కదా. 2015లో ఐదు దేశాల్లో 2,000 మందికి పైగా రోగులతో చేసిన ఒక పెద్ద పరిశోధనలో, 24 గంటల్లోపే మొదలుపెట్టి పదేపదే లేపి నడిపించినవాళ్లు మూడు నెలల తర్వాత మామూలుగా చూసుకున్నవాళ్లకన్నా కాస్త వెనకబడ్డారు. కాబట్టి ఆ తొందర లేకపోవడమే మంచిదైంది. ఆ కోపం వదిలెయ్యి తల్లీ.

ఇప్పుడు నీ ప్రశ్నల సంగతి. నన్ను అడిగి అడిగి గుర్తు చేయిస్తే జ్ఞాపకం పదునెక్కుతుందని నీ ఆలోచన. ప్రేమతోనే అడుగుతున్నావు, తెలుసు. కానీ నాలాంటివాళ్లు ఊహించి ఒక తప్పు జవాబు చెబితే, మెదడు ఆ తప్పునే పట్టుకుంటుంది. రెండోసారి అదే తప్పు ముందుగా వస్తుంది. బాబు పుట్టినరోజు విషయంలో అదే జరిగింది, గమనించావా? నువ్వడిగిన రెండుసార్లూ అదే తప్పు తేదీ చెప్పాను. అందుకే థెరపిస్ట్ నన్ను ఊహించనివ్వదు. ముందు సరైన జవాబు తనే చెబుతుంది. వెంటనే నాతో అనిపిస్తుంది. అర నిమిషం ఆగి అడుగుతుంది. వస్తే నిమిషం ఆగి, తర్వాత రెండు నిమిషాలు, నాలుగు, ఎనిమిది. మధ్యలో రాకపోతే మళ్లీ తనే చెప్పి, అంతకుముందు వచ్చిన వ్యవధికి వెనక్కి వెళుతుంది. కొత్త ఫోన్ తాళం తీసే నాలుగంకెలు ఇలాగే వారంలో నేర్చుకున్నాను. మూడు వారాలుగా ఒక్కసారి కూడా తప్పలేదు.

నోటుబుక్కు, అలారం పెట్టుకుంటే మెదడు బద్ధకిస్తుందన్నావు. చూపు తగ్గినవాళ్లకు కళ్లజోడు పెడితే కళ్లు బద్ధకిస్తాయా? మాత్రల టైం అలారం చూసుకుంటుంటే, నా దగ్గరున్న కాస్త ఏకాగ్రత నీకు ఉత్తరం రాయడానికి మిగులుతోంది. నోటుబుక్కు ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. పని అవగానే టిక్కు పెడతాను. దాన్ని సర్దకు, కొత్తది కొనకు.

నువ్వు డబ్బు కట్టిన మెదడు ఆటల యాప్ రోజూ పావుగంట ఆడుతున్నాను. ఆ ఆటల్లో మార్కులు పెరుగుతున్నాయి. కానీ ఆటలో వచ్చిన నేర్పు ఆటలోనే ఉండిపోతోంది, పాలు పొంగడం ఆగలేదు. వంటింటి పని వంటింట్లోనే సాధన చేయాలి. అందుకే నేను పాలు పెడితే దించేదాకా అక్కడే నిలబడి, "పాలు, మంట, గిన్నె" అని పైకి అంటూ ఉంటాను. ఈ చిన్న ఉపాయం నాకు యాప్ కన్నా ఎక్కువ పనికొచ్చింది.

పొద్దున్నే గంటసేపు పాటలు వింటున్నాను. ఇది కాలక్షేపం అనుకోకు. 2008లో ఫిన్లాండ్ పరిశోధకులు 60 మంది స్ట్రోక్ రోగులతో చేసిన అధ్యయనం వచ్చింది. కొందరు రెండు నెలలు రోజూ తమకిష్టమైన సంగీతం విన్నారు, కొందరు ఆడియో పుస్తకాలు విన్నారు, మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. విన్న మాటలు గుర్తుంచుకోవడంలో, ఏకాగ్రతలో సంగీతం విన్నవాళ్లు ముందున్నారు, వాళ్లలో దిగులూ తక్కువగా ఉంది. పాటలు వాళ్లకి వాళ్లే ఎంచుకున్నవి. కాబట్టి నీ జాబితా పంపకు, నా పాటలు నాకున్నాయి!

నిద్ర గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది. నా గురక చూసి నిద్ర పరీక్ష చేయిస్తే ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సగానికి పైగా ఇది ఉంటుందట. ఊపిరి ఆగకుండా గాలి పంపే మాస్క్ పెట్టుకుని పడుకోవడం మొదటి వారం నరకంలా ఉంది. ఇప్పుడు అలవాటైంది, పొద్దున తల తేలిగ్గా ఉంటోంది.

దిగులు కూడా వచ్చింది తల్లీ, దాచను. ఏమీ చేయబుద్ధి కాని రోజులు చాలానే గడిచాయి. స్ట్రోక్ తర్వాత మూడోవంతు మందికి ఇలా అవుతుందట, దిగులు ముదిరితే జ్ఞాపకం ఇంకా మందగిస్తుందట. డాక్టరుకు చెప్పాను, కౌన్సెలింగ్‌కు వెళుతున్నాను. నీకు చెప్పడానికే ఎక్కువ భయపడ్డాను.

వచ్చే నెల నువ్వొచ్చినప్పుడు నేనడిగేవి కొన్నే. మాట్లాడేటప్పుడు టీవీ కట్టెయ్యి, ఒక్కరొక్కరే మాట్లాడండి. మాట కోసం నేను తడుముకుంటుంటే, పది లెక్కపెట్టేదాకా ఆగు. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం అందించు. మాట మొత్తం లాక్కోకు. బ్యాంకు ఫారం నేనే నింపుతాను, గంట పట్టినా సరే, చివర్లో ఒకసారి సరిచూడు చాలు. సాయంత్రం నాతో నడకకు రా. బాబునీ తీసుకురా, వాడి పుట్టినరోజు వాడితోనే చెప్పించుకుని నేర్చుకుంటాను.

రైలు దిగే టైం ఫోన్‌లో చెప్పకు. కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపు. నోటుబుక్కులో అంటించుకుని స్టేషన్‌కి నేనే వస్తాను. మీ అమ్మ తోడొస్తుంది.

మీ నాన్న