1891కి ముందు కూడా మన సముద్రంలో తుపానులు వచ్చాయి, మంత్రి గారూ

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కోరంగి పక్క ఊళ్ళో పుట్టి, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ మధ్య మీ వాతావరణ విభాగం వాళ్ళ తుపానుల అట్లాస్ తిరగేశాను. ఏ ఏడాది ఏ తుపాను ఎటు నడిచిందో గీతలు గీసి చూపించారు. మంచి పని, కాదనను. కానీ అది 1891లో మొదలవుతుంది. 1839 నవంబరులో మా కోరంగి రేవును ముంచేసిన ఉప్పెన అందులో లేదు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నంలో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నదీ లేదు.

అప్పట్లో కొలిచేవాళ్ళెవరున్నారని మీ అధికారులు అనవచ్చు. ఉన్నారండీ, ఓడల్లో ఉన్నారు.

ప్రతి ఓడలో ఒక లాగ్‌బుక్ ఉండేది. తాడుకు కట్టిన చెక్కముక్కను నీళ్ళలో వదిలి, చిన్న ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు తాడు మీద ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవారు. ఆ చెక్కే లాగ్, ఆ ముడులే నాట్లు. (మా వైపు నాట్లంటే వరినాట్లే.) ఆ లెక్క పక్కనే గాలి దిక్కు, బలం, బారోమీటరు, ఆకాశం తీరు రాసేవారు. గాలి బలానికి అంకెలు వేయడం బోఫర్ట్ అనే నౌకాధికారి పుణ్యం. ఓడ ఎన్ని తెరచాపలు ఎత్తి నడవగలదన్నదే ఆయన కొలబద్ద. 1838 నుంచి బ్రిటిష్ నౌకాదళమంతా ఆ అంకెల్లోనే రాయాల్సి వచ్చింది.

ఈ పాత పుస్తకాల్లో ఏముంటుందిలే అని అందరూ అనుకునే రోజుల్లోనే, కాలు విరిగి సముద్రం మీదకి వెళ్ళలేకపోయిన అమెరికన్ నేవీ లెఫ్టినెంట్ మోరీని 1842లో వాషింగ్టన్‌లో నౌకాదళం మ్యాపులు, పరికరాలు దాచే డిపోకి ఇంచార్జిగా వేశారు. అక్కడ దుమ్ము పట్టిన లాగ్‌బుక్‌ల గుట్టలున్నాయి. ఆయన వాటిని చదివి గాలుల మ్యాపులు గీశాడు. వాటిని నమ్ముకున్న ఓడలకు ప్రయాణంలో రోజులకు రోజులే కలిసొచ్చాయి. తిమింగలాల వేట వివరాలు పోగేస్తుంటే ఇంకో వింత తేలింది. అట్లాంటిక్ వైపు బాఫిన్ అఖాతంలో ఓడ పేరు చెక్కిన ఈటె దిగిన తిమింగలం, పసిఫిక్ కొసన బేరింగ్ జలసంధి దగ్గర దొరికింది. అంత దూరం దక్షిణంగా తిరిగి వచ్చే జాతి కాదది. అంటే ఉత్తరాన మంచు సముద్రం గుండా దారి ఉందన్నమాట.

మనకు అసలు కావాల్సినవాడు మాత్రం కలకత్తాలో ఉన్నాడు. పేరు హెన్రీ పిడింగ్టన్. తుపానులో చిక్కిన ఓడలన్నిటి లాగ్‌బుక్‌లు సేకరించి, ఒకే రోజు ఏ ఓడకు గాలి ఎటు నుంచి కొట్టిందో మ్యాపు మీద గుర్తులు పెట్టేవాడు. పారదర్శకమైన కొమ్ము పలక మీద సుడి బొమ్మ గీసి, ఆ గుర్తుల మీద పెట్టి జరిపి చూసేవాడు. 1845 ఫిబ్రవరిలో మారిషస్ నుంచి బయల్దేరిన 'చార్లెస్ హెడిల్' అనే ఓడ లాగ్‌బుక్ కూడా ఆయన చేతికొచ్చింది. గాలికి వీపు పెట్టి రోజుల తరబడి పరుగెత్తుతూ, చాలా దూరం వచ్చేశామనుకున్నారు అందులోవాళ్ళు. లెక్క గీసి చూస్తే గానుగెద్దులా తుపాను కన్ను చుట్టూ అయిదుసార్లు తిరిగారు! ఈ సుడిగాలులకు ఆయన గ్రీకు భాషలో పాము చుట్ట అనే అర్థం వచ్చేలా 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. 1848 నుంచి ఆ మాట వాడుకలోకి వచ్చింది. 1839 కోరంగి తుపాను మీదా ఆయన వ్యాసం రాశాడు.

1853లో ఈయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒక లేఖ రాశాడు. బెంగాల్లో మాట్లా నది మీద కొత్త రేవు కట్టొద్దు, ఉప్పెన వచ్చి ముంచుతుంది అని. ఎవరూ వినలేదు. కట్టారు, క్యానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరులో ఉప్పెన వచ్చింది, కొన్నేళ్ళకు రేవు మూతపడింది. ఆ లేఖ గుర్తొచ్చే నేనూ ఇలా రాయడానికి సాహసించాను.

సరే, ఇప్పుడు మీరేం చెయ్యాలన్నది. ఈస్టిండియా కంపెనీ ఓడల లాగ్‌బుక్‌లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో వేలల్లో ఉన్నాయి. వాటిలో 900 దాకా బ్రిటన్ శాస్త్రజ్ఞులు కంప్యూటర్లోకి ఎక్కించారు. అవి 1789 నుంచి 1834 వరకే. కంపెనీ వ్యాపారం మానేశాక ఆ వ్యాపార ఓడలూ లేవు, వాటి పుస్తకాలూ లేవు. కోరంగి ఉప్పెనకు అయిదేళ్ళు తక్కువ! ఆ తర్వాతి కాలానికి దిక్కు బ్రిటిష్ నౌకాదళం లాగ్‌బుక్‌లే. అవి లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ రోజుల్లో శ్రీలంకలోని ట్రింకోమలీ వాళ్ళ నౌకాస్థావరం కాబట్టి బంగాళాఖాతంలో తిరిగిన ఓడలకు కొదవ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మోర్‌లో ఉన్నాయి, వాటినీ వెతికించాలి.

చదవడం అంత తేలిక కాదని ముందే చెబుతున్నాను. 1805 వరకు ఇంగ్లిష్ నౌకాదళానికి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యేది, అదీ మన లెక్కలో ముందురోజు మధ్యాహ్నమే. ఈ సంగతి తెలియనివాళ్ళు టైపు చేస్తే పాత తుపానులు ఒక రోజు పక్కకు జరిగిపోతాయి. అయినా జనం చేయలేని పనేమీ కాదు. 2010లో మొదలైన 'ఓల్డ్ వెదర్' ప్రాజెక్టులో మామూలు వాలంటీర్లు ఇళ్ళలో కూర్చునే ఇలాంటి పేజీలు ఎక్కించారు. వాటిలో 'జెనెట్' ఓడ లాగ్‌బుక్‌లూ ఉన్నాయి. 1879లో ఉత్తర ధ్రువం కోసం బయల్దేరి, దాదాపు రెండేళ్ళు మంచులో ఇరుక్కుని, 1881 జూన్‌లో మునిగిపోయిన అమెరికన్ నేవీ ఓడ అది. కెప్టెన్ డి లాంగ్ తిండి తక్కువైనా ఆ పుస్తకాలను మంచు మీద సైబీరియా దాకా మోయించాడు. 33 మందిలో 20 మంది పోయారు, ఆయనతో సహా. పుస్తకాలు మాత్రం బతికాయి. నూటముప్పై ఏళ్ళ తర్వాత ధ్రువపు మంచు ఎంత తగ్గిందో పోల్చి చూసుకోవడానికి అవి పనికొచ్చాయి.

2024లో వాతావరణ అంచనాలు మెరుగుపరిచే మిషన్ మౌసమ్‌కి 2,000 కోట్లు ఇచ్చారు. నేనడిగేది అందులో చిల్లర. హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్కాయిస్ మీ చేతుల్లోనే ఉంది. ఉప్పెన ఎంత ఎత్తున, ఎంత లోపలికి వస్తుందో అంచనా వేసేది వాళ్ళే. దివిసీమను ముంచిన 1977 ఉప్పెన లాంటిది ఎన్నేళ్ళకు ఒకసారి వస్తుందో చెప్పాలంటే 1891 తర్వాతి లెక్క చాలదు.

అన్నీ ఒకేసారి వద్దు. మొదట 1839 నవంబరు ఒక్క నెల తీసుకోండి. ఆ నెలలో బంగాళాఖాతంలో ఉన్న నౌకాదళ ఓడలేవో క్యూ ఆర్కైవ్స్‌లో వెతికించి, ఆ పేజీల నకళ్ళు తెప్పించండి. చదివి అంకెలు ఎక్కించే పిల్లలు దొరకరన్న టెన్షన్ మీకొద్దు. కాకినాడ, మచిలీపట్నం కాలేజీల్లో నేను తిరుగుతాను. తర్వాత 1805కి ముందటి పుస్తకాలకు వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యే రోజు సంగతి వాళ్ళకు నేనే నేర్పుతాను.

ఇట్లు,
కోరంగి దగ్గరి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు