వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

సభ్యులందరికీ నమస్కారం. నెలవారీ సమావేశాలు జరిగాయి, వానల వల్ల రెండు ఆగాయి. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గది మన బార్‌క్యాంప్, అంటే ముందే ఖరారైన వక్తలు లేకుండా వచ్చినవాళ్ళే మాట్లాడే సాంకేతిక సభ.

2005 ఆగస్టులో అమెరికాలోని పాలో ఆల్టోలో మొట్టమొదటి బార్‌క్యాంప్‌ను, పిలిచినవాళ్ళకే ప్రవేశమున్న ఫూ క్యాంప్ అనే సాంకేతిక సభకు జవాబుగా, వారం లోపే నిలబెట్టారు. మనకు హాలు తాళంచెవి చేతికి రావడానికే నెల పట్టింది. ఆ కాలేజీ పేరు రాయను, మళ్ళీ అడగాల్సి రావచ్చు. పర్మిషన్ ఆఫీసులో సార్ "ముఖ్య అతిథి ఎవరు?" అని మూడుసార్లు అడిగారు. అతిథి ఉండరండీ, ఎవరు మాట్లాడతారో కూడా ఆ పొద్దునే తేలుతుంది అంటే నమ్మలేదు. చివరికి మన అధ్యక్షుల పేరే రాసిచ్చాం.

ఉదయం గోడకు ఖాళీ సమయ పట్టిక అంటించాం, మాట్లాడదలచినవాళ్ళు తమ అంశం చీటీ మీద రాసి ఒక గడిలో అంటించారు. ఫ్యాను వేయగానే చీటీలన్నీ రాలి, డాకర్ అనే సాఫ్ట్‌వేర్ మీద పదకొండింటికి ఉన్న సెషన్ భోజనం గడిలో తేలింది. క్యాంటీన్ అతను అప్పటికప్పుడు మైదా జిగురు ఉడికించి ఇచ్చాడు. ముందుగా అతనికి ధన్యవాదాలు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడాలన్నది రివాజు కదా. కూతుర్ని దింపడానికి వచ్చిన ఒక డీటీపీ పెద్దాయన "నాకేం తెలుసమ్మా" అంటూనే చీటీ అంటించారు. డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లలో తాను కంపోజ్ చేసిన పాత పుస్తకాన్ని ఆ ఫాంట్లు లేని ల్యాప్‌టాప్‌లో తెరిచారు. ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ! తర్వాత, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడేలా చేసే యూనికోడ్‌లో 'సాఫ్ట్‌వేర్' అని కొట్టి, ఫ కింద ట, వ ఒత్తులు రెండూ ఎలా వచ్చి పడతాయో, మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి వేస్తే ఎలా విడిపోతాయో చూపించారు. నచ్చకపోతే లేచి వెళ్ళొచ్చన్నది మన నియమమే, ఆ గదిలో ఒక్కరూ లేవలేదు. పైగా పక్క గదివాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ పక్క గదిలో మాట్లాడుతున్నది నేనే.

వాలంటీర్లుగా పేరిచ్చింది పద్నాలుగు మంది. ఏడింటికి కుర్చీలు వేసింది నలుగురు. మిగతావాళ్ళు గ్రూపులో బొటనవేలు చూపించి ఊరుకున్నారు. గ్రూప్ ఫోటోకి మాత్రం అందరూ ఉన్నారు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా ఇస్తారు. టీ-షర్టులు వేయలేదు కాబట్టి లోటు లేదు. టీ డబ్బులు కొంత నా జేబులోంచి పోయాయి, అడగడం లేదు.

ఆ నలుగురికీ, భోజనాలు చూసుకున్న అక్కలకూ, రాత్రి పదింటిదాకా ఓపికపట్టిన వాచ్‌మన్ గారికీ కృతజ్ఞతలు. ప్రొజెక్టర్ వైరు ఎవరి సంచిలో వెళ్ళిందో వారు దయచేసి ఈ సమావేశానికి తెచ్చివ్వగలరు.

కార్యదర్శి