అటక మీది కెమెరాకు ఖరీదైన తెర అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినం వస్తే పత్రికల్లో పాత స్టూడియో కెమెరాల బొమ్మలు వేస్తారు. అలెప్పీలో తయారైన వాగీశ్వరి లాంటి టేకు కెమెరాలు మన ఊళ్లలో ఇంకా అటకల మీద ఉన్నాయి. మళ్లీ వాడదామని దించినవాళ్లు, ఫోకస్ చూసుకునే వెనక గరుకు గాజు తెరలో బొమ్మ కనబడక వదిలేస్తున్నారు. విదేశాల నుంచి కొత్త తెర తెప్పించనక్కర్లేదు, కొన్ని వందల రూపాయల్లో బాగుచేసుకోవచ్చు.

ముందు గాజు విప్పి సబ్బునీళ్లతో కడగండి. చాలాసార్లు అడ్డం వచ్చేది ఏళ్ల తరబడి పట్టిన జిడ్డే. గరుకు వైపు లెన్సుకేసి ఉండాలి. 2 మి.మీ. గాజును తిరగేసి బిగిస్తే ఫోకస్ దాదాపు 1.3 మి.మీ. తప్పుతుంది.

గాజు పగిలినా, గరుకు మరీ ముతకగా ఉన్నా కొత్తది మనమే నూరుకోవచ్చు. పటాలు కట్టే షాపులో 2 మి.మీ. గాజు కోయించి, అంచులు నున్నగా చేయించి, మూలలు కాస్త కత్తిరించమనండి. బెల్లోస్ (కెమెరా మధ్యలో మడతలు పడే సంచి) మూసినప్పుడు గాలి ఆ సందుల్లోంచి పోతుంది. బాత్‌రూమ్ కిటికీలకు వేసే గరుకు గాజు మాత్రం పనికిరాదు, దాని గరుకులో సన్నని వివరం కనబడదు. గ్రానైట్ గట్టు మీద తడి న్యూస్‌పేపరు పరిచి గాజు పెట్టండి. అర చెంచా 400 నంబరు కార్బొరండం (గాజు నూరే గట్టి రాపిడి) పొడి, చెంచా నీళ్లు వేసి, అంచులు అరగదీసిన మూడంగుళాల గాజుముక్కతో సున్నాలు చుడుతూ రుద్దండి. గరగర సన్నగిల్లిందంటే పొడి అరిగిందన్నమాట, కొత్తది వేయాలి. ఇరవై నిమిషాలయ్యాక కడిగి, ఆరబెట్టి, బల్బుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మెరిసే చుక్కలుంటే ఇంకా రుద్దాలి. తర్వాత 600 పొడితో పది నిమిషాలు. మధ్యలో గాజు, ముక్క, గట్టు అన్నీ కడగాలి, 400 రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుంది. పొడిని ఎప్పుడూ తడిగానే ఉంచండి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇంకా సన్నగా నూరితే మధ్యలో వెలుగు పెరుగుతుంది కానీ మూలలు చీకటవుతాయి. కొందరు గాజుకు నూనె రాయమంటారు. దయచేసి రాయకండి. గరుకు నిండిపోయి గాజు పారదర్శకమవుతుంది, ఫోకస్ ఎక్కడుందో కన్ను తేల్చుకోలేదు.

మూలల చీకటికి మందు ఫ్రెనెల్ షీటు, అంటే పుస్తకాలు చదవడానికి పెద్దవాళ్లు వాడే పల్చని ప్లాస్టిక్ భూతద్దం. మూలల దగ్గర కిరణాలు ఏటవాలుగా బయటికి పోతాయి, షీటు వాటిని కంటివైపు వంచుతుంది. వలయాల నడిమి చుక్క గాజు నడిమికి వచ్చేలా కత్తిరించి, గాజుకు మనవైపు, వలయాల గాళ్లున్న వైపు గాజుకు ఆనేలా పెట్టండి. లెన్సు వైపు పెడితే షీటు మందంలో మూడో వంతు ఫోకస్ జరుగుతుంది. 1.5 మి.మీ. షీటుకు అర మి.మీ. తేడా, లెన్సు రంధ్రం f5.6 దగ్గర ఉంటే ఒక్కో చుక్కా ఫిల్ము మీద 0.09 మి.మీ. మచ్చవుతుంది. ఒక్క అంచుకే టేపు వేస్తే, లూపుతో (ఫోకస్ సరిచూసే చిన్న భూతద్దంతో) చూసేటప్పుడు షీటును పక్కకు తిప్పొచ్చు. లేకపోతే గాళ్లే కనబడతాయి. దీన్ని స్పిరిట్‌తో తుడవకండి, ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది.

లూపు కొననక్కర్లేదు. పాత ఎస్ఎల్ఆర్ కెమెరా 50 మి.మీ. లెన్సును తిరగేసి పట్టుకుంటే ఐదింతలు కనబడుతుంది. మన ఎండకు, గాజు చూసేటప్పుడు తల మీద కప్పుకునే నల్లగుడ్డ రెండు పొరలు వేసి, పైన తెల్లగుడ్డ కుట్టించండి. పెట్టిన రూపాయికి ఇంతకన్నా ఫలితమిచ్చేది లేదు.

గాజు గరుకు ఉన్న చోటికే ఫిల్మూ రావాలి కాబట్టి గాజు మార్చినవాళ్లు తప్పక చేయాల్సింది కొలత. ఫిల్ము పెట్టిన హోల్డరు (ఫిల్మును పట్టి కెమెరా వెనక దూర్చే పలక) మీద స్టీలు స్కేలు అడ్డంగా ఉంచి, వెర్నియర్ కాలిపర్ కడ్డీతో ఫిల్ము దాకా లోతు చూడండి. కెమెరా వెనక చట్రంలో హోల్డరు ఆనే అంచు నుంచి గాజు గరుకు దాకా లోతూ అలాగే చూడండి. రెండూ ఒకటే రావాలి, 0.2 మి.మీ. మించి తేడా ఉండకూడదు. 4x5 అంగుళాల హోల్డరులో ఫిల్ము దాకా సుమారు 4.8 మి.మీ. వస్తుంది. చెక్క హోల్డర్లు దేనికదే వేరు కాబట్టి మీరు వాడే ప్రతిదాన్నీ కొలవండి. గాజు లోతు తక్కువైతే దాని అంచుల కింద కాగితం పట్టీలు పెట్టి సరిచేయొచ్చు. ఎక్కువైతే గాజు ఆనే చెక్కను వడ్రంగి చేత సన్నగా చెక్కించాలి.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం