అడుగున ఉన్న సంవత్సరం బొమ్మ వయసు కాదు

సంపాదకులకు నమస్కారం.

పాత అమెరికన్ టీవీ కామెడీల బొమ్మలు, జ్ఞాపికల సేకరణ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి సంతోషించాం. భూతాల కుటుంబం కథతో నవ్వించిన ‘ది మన్‌స్టర్స్’ షోను ఉదాహరణగా తీసుకోవడం మాకింకా నచ్చింది. అయితే కొత్తవాళ్లకు ఇచ్చిన సలహాల్లో రెండు తీరని నష్టం చేస్తాయి. బొమ్మ అడుగున ముద్రించిన సంవత్సరాన్ని బట్టి అది పాతదో కాదో తేల్చుకోవచ్చన్నారు. జిగటగా మారిన బొమ్మను స్పిరిట్‌తో తుడిచి, ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి దాచమన్నారు. రెండూ తప్పే. వస్తువు దేనితో తయారైందో తెలిస్తే దాని వయసూ తెలుస్తుంది, దాన్ని ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

ముందు సంవత్సరం సంగతి. ఈ షో అమెరికన్ టీవీ ఛానెల్ సీబీఎస్‌లో 1964 సెప్టెంబరులో మొదలై 1966 మేలో ముగిసింది. మొత్తం 70 ఎపిసోడ్లు. వస్తువుల మీద కనిపించే 1964 అనేది కాపీరైట్ సంవత్సరం. హక్కుల కోసం వేసే ఆ అంకె తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ తయారుచేసిన వాటి మీద కూడా ఉండవచ్చు. షోలో కనిపించే మన్‌స్టర్ కోచ్, డ్రాగ్యులా కార్లు ప్రత్యేక కార్ల తయారీదారు జార్జ్ బారిస్ వర్క్‌షాపులో తయారయ్యాయి. వాటికి ఏఎంటీ కంపెనీ 1/25 స్కేలులో, అంటే అసలు కారు పొడవులో 25వ వంతుగా, మోడల్ కిట్లు (భాగాలు అతికించి బిగించుకునే బొమ్మలు) తెచ్చింది. అవి ఆ తర్వాత చాలాసార్లు మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. అరోరా కంపెనీ చేసిన మన్‌స్టర్స్ కుటుంబం కిట్‌ను 1990లలో పోలార్ లైట్స్ తిరిగి తెచ్చింది. ఇవి నకిలీలు కావు, మంచి కిట్లే. పాతదాని ధర పెట్టి కొంటేనే మోసపోయినట్టు.

మరి ఏం చూడాలి? పెట్టె మీద బార్‌కోడ్ ఉంటే అది 1960ల నాటిది కానే కాదు. దుకాణంలో బార్‌కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేసింది 1974లో. బార్‌కోడ్ లేకపోతే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం తీసుకుని పెట్టె మీది నల్లటి అక్షరాలు చూడండి. పాత ఆఫ్‌సెట్ అచ్చులో బొమ్మ మాత్రమే చుక్కలతో ఏర్పడుతుంది, నల్లటి అక్షరం నిండు సిరాతో, పదునైన అంచుతో ఉంటుంది. పాత పెట్టెను స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి, చుక్కల మీద చుక్కలు పడి గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. మేము అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఈ పరీక్షనే. అతినీలలోహిత దీపం కింద తెల్లగా మెరిసే కాగితం కొత్తదని చాలామంది అంటారు. కాగితంలో ఆ మెరుపు తెచ్చే రసాయనాల వాడకం 1950ల నాటికే ఉంది కాబట్టి దీపం ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు.

ఇక దాచే విషయం. మోడల్ కిట్‌కు పెద్ద శత్రువు దాని పెట్టెలోనే ఉంటుంది. భాగాలు పాలీస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్, టైర్లు వినైల్ అనే మెత్తని ప్లాస్టిక్. మెత్తదనం కోసం వినైల్‌లో కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి మెల్లగా బయటికి ఊరుతుంది. తగిలిన పాలీస్టైరీన్‌ను కరిగించి టైరు ఆకారంలో గుంట పెడుతుంది. ఆ గుంట పడ్డాక బాగుచేయడం దాదాపు అసాధ్యం. అందుకే కిట్ చేతికి రాగానే టైర్లను విడిగా పాలిథిన్ సంచిలో వేసి, ఏ భాగానికీ ఆనకుండా అదే పెట్టెలో ఓ మూలన పెట్టండి. అమ్మేవాళ్లను కారు అద్దాల భాగాలు, టైర్ల పక్కనున్న భాగాల ఫొటోలు ప్రత్యేకంగా అడగండి.

కిట్‌తో వచ్చే, నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మల స్టిక్కర్లు (డెకాల్స్) ఇన్నేళ్లకు పెళుసెక్కి, నీళ్లు తగలగానే ముక్కలవుతాయి. షీటులో పనికిరాని చిన్న ముక్కను, కంపెనీ నంబరు ఉన్నదైనా సరే, కత్తిరించి గోరువెచ్చని నీళ్లలో వేసి చూడండి. చిట్లితే మొత్తం షీటు మీద పారదర్శక లక్కరు రెండు పలుచని పూతలు స్ప్రే చేసి, ఒక రోజు ఆరనివ్వాలి. ఆ పూత షీటంతా ఒకే పొరగా మారుస్తుంది కాబట్టి తర్వాత ఒక్కో బొమ్మనూ అంచు వెంట కత్తిరించుకోవాలి. కిట్‌ను బిగించే ఉద్దేశం లేకపోతే ఇవేవీ చేయొద్దు. షీటును స్కాన్ చేసి పెట్టుకుంటే చాలు.

రెమ్‌కో కంపెనీ చేసిన, షోలోని పాత్రలైన హెర్మన్, లిలీ, గ్రాండ్‌పా బొమ్మల తలలు జిగటగా మారడానికీ కారణం ఆ ప్లాస్టిసైజరే. స్పిరిట్ గానీ గోళ్ల రంగు తుడిచే ద్రావకం గానీ తగిలితే జిగటతో పాటు ముఖం మీది రంగూ పోతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చుక్కలు గాఢత లేని సబ్బు వేసి, మెత్తటి గుడ్డ ముంచి గట్టిగా పిండి, రంగు లేని చోట నుంచి మొదలుపెట్టి మెల్లగా తుడవండి. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. కొన్నాళ్లకు జిగట మళ్లీ వస్తుంది, అది మామూలే. ఇలాంటి బొమ్మను గాలాడకుండా చుడితే ఊరినదంతా ఒంటికే పట్టి ఉంటుంది. ఆ కవరు పీవీసీ, అంటే వినైల్‌తో చేసినదైతే ఇంకా చెడ్డది. ఆమ్లరహిత టిష్యూ కాగితం వేసిన అట్టపెట్టెలో, ఎండకూ వేడికీ దూరంగా ఉంచండి. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను పెరాక్సైడుతో తెల్లబరిచే పద్ధతి గురించి కూడా వ్యాసంలో రాశారు. అది మచ్చలు మిగల్చవచ్చు, పసుపు తిరిగీ రావచ్చు. అరుదైన వస్తువు మీద చేయకండి.

కింగ్ సీలీ థర్మోస్ 1965లో తెచ్చిన లంచ్ బాక్స్‌కు వేరే జాగ్రత్తలు కావాలి. బొమ్మలు నేరుగా ఉక్కు రేకు మీదే అచ్చయి ఉంటాయి. ఇనుప పీచుతో గానీ గరుకు కాగితంతో గానీ తుప్పు గీకితే పక్కనున్న అచ్చు కూడా లేచిపోతుంది. పొడి గుడ్డతో దుమ్ము తీసి, బఠాణీ గింజంత మైక్రోక్రిస్టలైన్ మైనం (పాత వస్తువుల రక్షణకు పూసే మైనం) పలుచగా రాసి, కొన్ని నిమిషాలాగి తుడవండి. ముందు మూత లోపలి అంచున పరీక్షించి చూడండి. లోపల ఏ పిల్లవాడో పెన్నుతో రాసుకున్న పేరు ఉంటే ఉండనివ్వండి. దాన్ని చెరిపే ద్రావకం అచ్చునూ చెరుపుతుంది. అరిగిన అంచులకు రంగు వేయించకండి, సేకరించేవాళ్లు అరుగుదలను ఒప్పుకుంటారు గానీ కొత్త రంగును ఒప్పుకోరు.

ఆ లంచ్ బాక్స్‌తో వచ్చే ఫ్లాస్కు లోపల ఉండేది వెండిపూత గాజు. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే గలగలమంటే గాజు పగిలినట్టే, అప్పుడు మూత తెరిచి తలకిందులు చేయకండి. ఎవరైనా పంపిస్తుంటే ఫ్లాస్కును బాక్స్ లోపల పెట్టవద్దని ముందే చెప్పండి. దారిలో కుదుపులకు గాజు పగులుతుంది, రేకు లోపలి నుంచి సొట్టలు పడుతుంది. రెంటినీ విడివిడిగా చుట్టి, చుట్టూ కనీసం రెండంగుళాల మెత్తటి కాగితం నింపి, ఒక అట్టపెట్టెలో పెట్టి దాన్ని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టమనండి.

ఇట్లు,
పాత టీవీ బొమ్మలు సేకరించే మీ పాఠకులు