ఆ ఐదు కొటేషన్లు చదివాక

హైదరాబాద్

ఒరేయ్ శ్రీనూ,

మన గ్రంథాలయం వెబ్‌సైటు కోసం నువ్వు పంపిన ఐదు కొటేషన్లూ రాత్రి కూర్చుని చదివాను. ఒకరు నలభై వేలన్నారు, ఇంకొకరు నాలుగున్నర లక్షలన్నారు. "వీళ్ళలో మనల్ని మోసం చేస్తున్నది ఎవరు?" అని అడిగావు. నాకైతే ఎవరూ మోసం చేస్తున్నట్టు అనిపించలేదు. నువ్వు రాసిందే నాలుగు ముక్కలు: గ్రంథాలయానికి వెబ్‌సైటు కావాలి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉండాలి, చూడ్డానికి బాగుండాలి, రేటు చెప్పండి. పెళ్ళికి ఎంతమంది వస్తారో, ఎన్ని పూటల భోజనాలో చెప్పకుండా వంటవాళ్ళని రేటు అడిగితే ఎవరికి తోచిన పెళ్ళికి వాళ్ళు లెక్కేసుకుంటారు కదరా.

అందుకే మళ్ళీ రాద్దాం, ఈసారి సరైన ఆర్‌ఎఫ్‌పీ. మన పరిస్థితి ఇది, మాకు కావాల్సింది ఇది, మీరెలా చేస్తారు, ఎంతకి చేస్తారు అని అడిగే కాగితమే అది. పన్నెండేళ్ళుగా ఇలాంటివి అందుకునే వైపు కూర్చున్నవాణ్ణి. చదివిన ఐదు నిమిషాల్లో ఇది తెలిసి రాశారో లేదో అర్థమైపోతుంది.

ముందు గ్రంథాలయం గురించి ఒక పేజీ రాయి. తర్వాత సైటుకి ఎవరొస్తారో, వచ్చి ఏం చేయాలో రాయి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఇంటి నుంచి బయల్దేరే ముందే పుస్తకం ఉందో లేదో చూసుకోవాలి. పాత పత్రికల కోసం వెతికే పరిశోధకుడు ఏ సంచికలు ఉన్నాయో తెలుసుకోవాలి. డబ్బు పంపాలనుకునే దాతకి యూపీఐ, రసీదు కావాలి. ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారని కూడా రాయి. రంగులు, బొమ్మలు కదిలే తీరు నువ్వు రాయక్కర్లేదు, అది వాళ్ళ పని.

అసలు పని మన కేటలాగ్‌లో ఉంది. పదకొండు వేల పుస్తకాల జాబితా పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో అనూ ఫాంట్లతో కొట్టించాం, గుర్తుందా? ఆ తెలుగు మన కంటికే తెలుగు. లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ, ఫాంటు వాటి మీద తెలుగు రూపం తొడిగింది. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు, గూగుల్‌కీ దొరకదు. అదంతా యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, మనిషి కూర్చుని దిద్దాలి. నలభై వేలు అడిగినవాళ్ళు ఈ పనిని లెక్కలోకే తీసుకోలేదు. ఎన్ని పేజీలు, ఎన్ని ఎంట్రీలు, మార్చేది ఎవరు, దిద్దేది ఎవరు అన్నది స్పష్టంగా రాయి. దిద్దడం మన సభ్యులే చేస్తామంటే చాలా ఖర్చు తగ్గుతుంది.

వెతుకులాట గురించి కూడా వివరంగా రాయి. పాత పుస్తకం పేరు "తెనుఁగు" అని ఉంటుంది, ఈ కాలం పిల్లవాడు "తెనుగు" అని కొడతాడు. "వ్రాత" అని ఉన్నది "రాత" అన్నా దొరకాలి. గురజాడ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినా దొరకాలి. ఈ మూడూ ఉదాహరణలుగా ఇచ్చెయ్, తెలుగు తెలిసిన డెవలపర్ అయితే విషయం పట్టేస్తాడు. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వినగలగాలి కాబట్టి వైకల్యం ఉన్నవాళ్ళూ సైటు వాడుకునేలా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1, ఏఏ స్థాయి పాటించాలని ఒక వాక్యం చేర్చు. ఇది నాకు చాలా ముఖ్యం, కమిటీలో ఎవరు వద్దన్నా తీసేయకు.

స్కాన్ చేసిన పుస్తకాలు పెడదామన్నావు. రచయిత పోయాక 60 ఏళ్ళ వరకూ కాపీరైటు ఉంటుంది కాబట్టి ఏవి పెట్టొచ్చో మనమే జాబితా తయారు చేసుకోవాలి.

ఇక సొంతదారు ఎవరన్న మాట. నాకు బాగా కావలసిన ఒక ట్రస్టువాళ్ళు డొమైన్‌ని, అంటే సైటు అడ్రసుని, డెవలపర్ పేరు మీదే కొననిచ్చారు. అతను ఊరు మారాడు, ఫోన్ నంబరు మార్చాడు, రెన్యువల్ గడువు దాటిపోయింది. ఆ పేరు ఇంకెవరో కొనుక్కున్నారు. క్యాలెండర్ల మీదా రసీదు పుస్తకాల మీదా అచ్చేసిన అడ్రసు ఎందుకూ పనికి రాకుండా పోయింది. ఆ పెద్దాయన నాకు ఫోన్ చేసి "ఏం చేద్దాం బాబూ" అన్న గొంతు ఇంకా గుర్తుంది. డొమైన్, హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్‌లో అద్దె చోటు) మన సంఘం పేరు మీద, సంఘం ఈమెయిల్‌తోనే తీసుకోవాలనీ, పాస్‌వర్డ్‌లూ సోర్స్ కోడూ మనకి అప్పగించాకే ఆఖరి వాయిదా ఇస్తామనీ రాయి.

బడ్జెట్ చెప్పొద్దని కమిటీ అంటోందన్నావు. చెప్పెయ్‌రా. రెండు లక్షలు దాటలేమంటే, అందులో ఏం వస్తుందో నిజాయితీ ఉన్నవాళ్ళు చెప్తారు, మిగతావాళ్ళు తప్పుకుంటారు. తయారీ ఖర్చు వేరుగా, మూడేళ్ళ నిర్వహణ వేరుగా అడుగు. బ్యాకప్‌లు, సైటుని నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు అందులో ఉండాలి. 18 శాతం జీఎస్టీ కలిపో కలపకో కూడా చెప్పమను.

జవాబుకి మూడు వారాలు గడువివ్వు. ఎవరైనా సందేహం అడిగితే జవాబు ఐదుగురికీ పంపు. ఉచితంగా డిజైన్ చేసి చూపించమని మాత్రం అడగొద్దు, అది వాళ్ళ కష్టం. మన కేటలాగ్ లోంచి పది ఎంట్రీలు ఇచ్చి మార్చి చూపమను, చాలు. వాళ్ళ పాత క్లయింట్లు ఇద్దరికి నువ్వే ఫోన్ చెయ్.

ఆదివారానికి ముసాయిదా పంపితే దిద్ది ఇస్తాను. ఈలోగా మన డీటీపీ ఆయన్ని కలువు. పేజ్‌మేకర్ ఫైళ్ళు ఆయన దగ్గర ఉన్నాయా, అచ్చు కాగితాలే మిగిలాయా కనుక్కో. ఫైళ్ళు లేకపోతే మొత్తం మళ్ళీ టైపు చేయించాలి, ఖర్చంతా మారిపోతుంది.

నీ
రమణ